వసంతంలో ఎండ టోపీ

కంప్యూటర్ల కన్సల్టెంటుకి కుట్టుమిషనుతో పనేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది, కిందటి సెప్టెంబరు దాకా.

మనకి వసంతం ఉగాదితో వస్తే, ఆస్ట్రేలియాలో సెప్టెంబరు ఒకటిన మొదలవుతుంది. అంటే ఇక్కడ దసరా వసంతకాలపు పండగన్న మాట. మనవరాలికి పరికిణీ కుడదామని మా అమ్మ తన పాత వెంకటగిరి చీర తెచ్చింది. ఆ వారమే పాప బడిలో టోపీ పారేసుకుంది. ఇక్కడ చాలా ప్రైమరీ బడుల్లో టోపీ లేకపోతే ఆట లేదు. మర్నాడు అందరూ ఆడుకుంటుంటే తను నీడలో బెంచీ మీద కూర్చుందట. అది విని అమ్మ పరికిణీ మాట పక్కన పెట్టి, రాత్రికి రాత్రే చీర గుడ్డతో టోపీ కుట్టేసింది.

టోపీ ముచ్చటగానే ఉంది. కిటికీకి అడ్డం పెట్టి చూస్తే మాత్రం, గుడ్డలోంచి పెరట్లో బట్టలారేసే తీగ కనబడింది!

వెంకటగిరి నేతకి ఆ పల్చదనమే అందం. మన ఎండల్లో గాలి ఆడాలి కదా. ఇక్కడి వసంతంలో వేడి ఉండదు, చల్లగాలి కూడా వేస్తుంది, కానీ చర్మాన్ని కాల్చేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. వాటి సూచీ 3 గానీ అంతకు మించి గానీ ఉంటే జాగ్రత్త పడమంటారు. మెల్బోర్న్‌లో ఆగస్టు నడుమ నుంచే ఆ కాలం మొదలు. 1981లో విక్టోరియాలో మొదలైన 'స్లిప్, స్లాప్, స్లాప్' ప్రచారంలో చివరి మాట టోపీ గురించే. మన చామనఛాయ కొంత కాపాడుతుంది గానీ పూర్తిగా కాదు.

అందుకని పైన చీర, లోపల ముదురు నీలం డ్రిల్లు గుడ్డ అని రాజీకొచ్చాం. నేత ఎంత దగ్గరగా, రంగు ఎంత ముదురుగా ఉంటే అంత మంచిది. డ్రిల్లు ఆప్ షాపులో పాత కర్టెన్ల మధ్య దొరికింది. కొత్త గుడ్డైతే ముందే తడిపి ఆరేయండి, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుంది.

ఇక కొలతలు. మా పాప తల చుట్టుకొలత 52 సెంటీమీటర్లు, వదులుకి 2 కలిపితే 54. దాన్ని 3.14తో భాగించి సగం చేస్తే 8.6. కుట్టుకి 1 కలిపి, నడినెత్తి మీదికి 9.6 వ్యాసార్ధంతో గుండ్రంగా కత్తిరించాలి. చుట్టూ వచ్చే పట్టీ పొడవు 56, ఎత్తు 10. అంచుకి ఒకే కేంద్రం నుంచి 7.6 దగ్గర ఒక గీత, 15.6 దగ్గర ఇంకో గీత గీసి, మధ్య చక్రం ఉంచుకోవాలి. కుట్లు పోను 6 సెంటీమీటర్ల అంచు మిగులుతుంది. (పై సంబంధం మా అమ్మకి లెక్కల్లేకుండానే తెలుసు. ఒక పళ్ళెం బోర్లించి గీసేసింది.)

చీరతో ఒకటి, డ్రిల్లుతో ఒకటి, రెండు టోపీలు విడివిడిగా కుట్టండి. వంపుల దగ్గర చిన్న చిన్న గాట్లు పెడితే ముడతలు రావు. తర్వాత మంచివైపులు ఎదురెదురుగా పెట్టి అంచు చుట్టూ కుట్టి, నాలుగు వేళ్ళు పట్టేంత సందు వదిలి, అందులోంచి తిరగేయాలి. సందు మూసి, అంచు మీద సెంటీమీటరుకో వరస కుట్టు వేస్తే బక్రం అక్కర్లేకుండానే బిగుసుకుంటుంది.

గడ్డం కింద తాళ్ళు పెడదామంది అమ్మ. నేను వద్దన్నాను. జారుడుబల్ల మీద ఎక్కడైనా తగులుకుంటే మెడకి ప్రమాదం. వెనకవైపు కాస్త ఎలాస్టిక్ చాలు.

బడికి చాలా చోట్ల వాళ్ళ రంగు టోపీయే పెట్టుకోవాలి కాబట్టి, మాది శనాదివారాల్లో పార్కుకే. పరికిణీకి ఆ ఏడు గుడ్డ చాల్లేదు. మిగిలిన చీర అంచుతో కూరల సంచీ కుట్టి, అమ్మ నవంబరులో ఊరెళ్ళిపోయింది.

అన్నట్టు, టోపీ లోపల పిల్ల పేరు రాయండి. మొదటిదాని మీద మేం రాయలేదు.