కరువు సీమలో పచ్చని చెట్టు

వజ్రకరూరు పేరు వినగానే వజ్రములు జ్ఞప్తికి వచ్చును. తొలకరి వానలు కురిసిన పిమ్మట జనులు అచటి చేలలో వజ్రములకై వెదకుట వాడుక. కాని ఆ వానయే అచట అరుదు. పడమటి కనుమలకు వెనుక వాననీడలో నున్న ఆ అనంతపురపు సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. వేసవిలో గడ్డి మాడి, చెరువులు ఎండినపుడు సయితము ఊరి నడుమ వేపచెట్టు పచ్చగా నిలిచి నీడ నిచ్చును. ఇంత కొద్ది నీటితో అది ఎట్లు పచ్చగా నుండగలదు?

వేప మహాగని చెట్టునకు చుట్టము. రెండును మీలియేసీ కుటుంబములోనివే. 1753లో లిన్నేయస్ వేపను తురకవేపతో కలిపి ఒకే ప్రజాతిలో చేర్చెను. 1830లో జస్సూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని వేరుచేసి అజాడిరాక్టా ఇండికా అని పేరిడెను. ఈ భేదమును విద్యార్థులు స్వయముగా చూడవచ్చును. వేప ఈనెకు ఇరువైపుల ఒకే వరుసగా రెబ్బలుండును. తురకవేపలో ఈనె మరల చీలి, ఆ చీలికలపై రెబ్బలుండును; పూలు ఊదారంగువి. వేపపూవు తెల్లనిది. దానిని విప్పి భూతద్దముతో చూచినచో, పది కేసరములు ఒక గొట్టముగా కలిసియుండుట కనబడును. కరివేపకు పేరులో పోలికయే గాని, అది నిమ్మ కుటుంబమునకు చెందినది.

నిత్యహరితమనగా ఆకు రాలనిదని అర్థము కాదు. ముదురాకులు రాలు కాలముననే క్రొత్త చిగురు తొడుగునది నిత్యహరితము. వేప ఫిబ్రవరి, మార్చి నెలలలో పండుటాకులను రాల్చి, వెంటనే రాగిరంగు చిగురు వేయును. మిక్కిలి పొడినేలలలో కొలదిదినములు బోసిగా నుండుటయు కలదు. చిగురునకు వలయు ఆహారము మ్రానులోను, వేళ్లలోను ముందే నిలువయై యుండును. పైమన్ను ఎండినను తల్లివేరు రాతి నెరియలలోనికి దిగి లోతున నున్న తేమను అందుకొనును. ఉగాదికి పచ్చడిలోనికి పూవు దొరకుట ఆ వేరు చలువయే.

వేప చేవ ఎఱ్ఱనిది, గట్టిది. ఎండిన కలప ఘనమీటరు 700 కిలోగ్రాములకు మించి తూగును. చేవకు చెదలు సులభముగా పట్టవు గనుక తలుపులకు, బండ్లకు, సేద్యపు పనిముట్లకు వాడుదురు. గింజలోని అజాడిరాక్టిన్ అను పదార్థమును 1968లో వేరుచేసిరి. అది పురుగుల తిండిని, ఎదుగుదలను అరికట్టును.

అట్లని వేపకు శత్రువులు లేరనరాదు. 2021లో తెలంగాణములోను, ఆంధ్రప్రదేశములోను వేపచెట్లు కొనలనుండి ఎండసాగెను. ఫోమాప్సిస్ అను బూజుజాతి అందుకు కారణముగా గుర్తింపబడెను. పెక్కు చెట్లు మరల చిగిర్చెను గాని, ప్రాత చెట్లపైననే ఆధారపడరాదని ఆ తెగులు హెచ్చరించినది.

క్రొత్త చెట్లను పెంచుటలో ఒక చిక్కు కలదు. వేపగింజ మొలకెత్తు శక్తి కొలది వారములలోనే నశించును. దాచి మరుసటి ఏడు నాటిన మొలవదు. వేపపండ్లు తొలకరి ప్రాంతమున పండును. కాకులు, గోరువంకలు గుజ్జు తిని గింజలను గట్లపై విడుచును. ఆ తడిలోనే అవి మొలచును. పాఠశాల పిల్లలును రాలిన పండ్లను ఏరి, గుజ్జు కడిగి, వెంటనే నాటవలెను. మొక్కను సంచిలో పెంచినచో తల్లివేరు చుట్టుకొనకమునుపే నేలలో నాటవలెను. కరువు సీమలో ఆ వేరు ఎంత లోతునకు దిగిన, మీది నీడ అంత నమ్మకముగా నిలుచును.