కారుకి పెద్ద అలాయ్ వీల్స్ వేస్తే లీగలేనా? చట్టం, సైజు లెక్క, ఇన్సూరెన్స్

సాయంత్రం పూట నల్గొండలోనో మిర్యాలగూడలోనో రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. టీజీ 05 నంబర్ కార్లలో పెద్ద అలాయ్స్ వేసి, టైర్లు బాడీ బయటికి పొడుచుకొచ్చినవి కనిపిస్తూనే ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, పోలీసులు పట్టుకుంటరా?" నేనైతే ముందు ఇంకోటి అడుగుతా. ఆ వీల్ మీ కారు బరువుని, మన రోడ్డుని తట్టుకుంటదా? ఈ ఎపిసోడ్‌లో రెండూ చూద్దాం.

చట్టం ఏం చెప్తుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు అని దాని సారాంశం. కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. రంగు మార్చి ఆర్‌సీలో ఎక్కించుకోవడం వేరు, తయారీ స్పెసిఫికేషన్‌నే మార్చడం వేరు.

అదే 2019లో చట్ట సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. "ఒక్కో మార్పుకి" అన్న మాట గుర్తుపెట్టుకోండి. వీల్స్, సైలెన్సర్, లైట్లు మూడూ మారిస్తే లెక్క మూడుసార్లు.

కేరళలోనే 2021 ఆగస్టులో ఈ బుల్ జెట్ అనే యూట్యూబ్ ఛానల్ వాళ్ల వ్యాన్‌ని, రూల్స్‌కి విరుద్ధంగా మార్చారని కన్నూర్‌లో అక్కడి మోటారు వాహనాల శాఖ సీజ్ చేసింది. లక్షల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నా బండి ఆగింది.

కొన్ని షాపుల్లో ఏమంటారంటే, "ఆర్‌సీ కార్డు మీద టైర్ సైజే ఉండదు, ఏదేసినా లీగలే." కార్డు మీద లేకపోవచ్చు. కానీ కోర్టు చూసింది కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌ని. అందుకే సేఫ్ దారి ఒకటుంది: మీ మోడల్‌కి టాప్ వేరియంట్‌లో కంపెనీయే ఇచ్చే సైజు దాటకండి.

సైజు లెక్క

నేను ఇంజనీర్‌ని కాబట్టి ఇక్కడ కాస్త లెక్క తప్పదు. టైర్ మీద 185/65 ఆర్15 అని ఉందనుకోండి. 185 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, సుమారు 120 మిల్లీమీటర్లు. 15 అంటే రిమ్ అంగుళాలు.

స్విఫ్ట్ కింది వేరియంట్‌కి 165/80 ఆర్14 వస్తుంది. మొత్తం ఎత్తు 619.6 మిల్లీమీటర్లు. టాప్ వేరియంట్‌కి 185/65 ఆర్15, ఎత్తు 621.5. రిమ్ పెరిగింది, సైడ్‌వాల్ తగ్గింది, మొత్తం ఎత్తు దాదాపు అంతే. కంపెనీ పాటించే రూల్ ఇదే.

అదే బండికి 205/60 ఆర్16 వేస్తే ఎత్తు 652 దాటుతుంది, టాప్ వేరియంట్ కంటే 5 శాతం ఎక్కువ. ఒరిజినల్ టైర్‌తో నిజంగా 100లో పోతున్నప్పుడు మీటర్ ఎంత చూపిస్తుందో, ఇప్పుడు అదే చూపిస్తుంది, కానీ మీరు పోయేది 105. స్పీడ్ కెమెరాకి మీ మీటర్‌తో పని లేదు. పైగా బ్రేకులు అవే, తిప్పాల్సిన చక్రం పెద్దది.

టైర్ మీద సైజు తర్వాత 88హెచ్ లాంటి కోడ్ ఉంటుంది. 88 అంటే ఒక్కో టైర్ 560 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా ఓకే. కొత్త టైర్‌లో ఈ నంబర్ తగ్గకూడదు.

బయటికి వస్తే ఏమైతది?

రిమ్ మీద ఈటీ45 అని ఉంటే అది ఆఫ్‌సెట్. ఈటీ45 తీసి ఈటీ25 వేస్తే వీల్ 20 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. రిమ్ వెడల్పు ఒక అంగుళం పెరిగితే ఇంకో 12 పైనే. అంటే మూడు సెంటీమీటర్లు దాటింది. బరువు పడే చోటు దూరమైంది కాబట్టి బేరింగ్ మీద లోడ్ పెరుగుతుంది, త్వరగా అరుగుతుంది. స్పేసర్ వేసినా ఇంతే.

ఇంకోటి, ఫెండర్ దాటిన టైర్ కంకరరాళ్లని పక్కకి కొడుతుంది. వెనక బైక్ మీద వచ్చేవాడి మొహానికి తగిలితే? మీ స్టైల్‌కి అతనెందుకు బలి కావాలి?

మన రోడ్లు, మన ఎండ

17 అంగుళాల రిమ్‌కి 215/40 టైర్ వేస్తే సైడ్‌వాల్ 86 మిల్లీమీటర్లే. విజయవాడ హైవే మీద బానే పోతుంది. నార్కట్‌పల్లి దగ్గర దిగి ఊర్ల రోడ్డు పట్టాక, పెయింట్ లేని స్పీడ్ బ్రేకర్, వానకి పడ్డ గుంత వస్తాయి. దెబ్బ నేరుగా రిమ్‌కి తగులుతుంది. స్టీల్ రిమ్ వంగుతుంది, నాసిరకం అలాయ్ పగులుతుంది. పగిలిన అలాయ్‌కి వెల్డింగ్ చేయించి మళ్లీ వాడొద్దు. ఆ వేడికి లోహం బలం పోతుంది.

మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలు. గాలి తక్కువున్న టైర్ ఇంకా వేడెక్కి స్పీడ్‌లో పేలుతుంది. గాలి పొద్దున్నే, టైర్ చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది.

ఇన్సూరెన్స్

వీల్స్ మారిస్తే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, యాక్సెసరీగా పాలసీలో ఎక్కించుకోండి. చెప్పకుండా ఉంటే, యాక్సిడెంట్ తర్వాత సర్వేయర్ ఫొటో తీసేది మొదట ఆ వీల్‌నే. అలాయ్స్‌కి పెట్టిన డబ్బు కంటే క్లెయిమ్‌లో పోయేది చాలా ఎక్కువ కావచ్చు.

షాపుకి పోయే ముందు

ఒకటి, మొత్తం ఎత్తు ఒరిజినల్‌కి దగ్గరగా ఉండాలి. రెండు, టైర్ ఫెండర్ దాటకూడదు. మూడు, లోడ్ నంబర్ తగ్గకూడదు. నాలుగు, పీసీడీ, సెంటర్ బోర్ సరిపోవాలి. స్విఫ్ట్‌కి నాలుగు బోల్టులు, 100 పీసీడీ. "కొద్దిగా లాగి బిగిస్తం" అంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఐదు, రిమ్ మీద ఐఎస్‌ఐ మార్కు, జీఎస్టీ బిల్లు రెండూ అడగండి. ఆరు, బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చెక్ చేయించండి. ఏడు, పాత వీల్స్ అమ్మకండి. ఆర్‌టీఏ వాళ్లు మార్చమంటే అవే కావాలి.

ఈ ఏడూ సరిపోతే పోలీస్ చెకింగ్‌లో కూడా మీకు పెద్దగా టెన్షన్ ఉండదు. వీల్స్ మార్చే ఆలోచనలో ఉన్న మీ దోస్త్ ఎవరైనా ఉంటే, అడ్వాన్స్ ఇవ్వకముందే ఇది పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో సైలెన్సర్ల సంగతి చూద్దాం. ఉంటా మరి.