వేదనకు వర్ణభేదమా?

మన ప్రాచీన వైద్యశాస్త్రము రోగిని పరీక్షించుటకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడు మార్గములను జెప్పెను. కన్నులతో జూచి, చేతితో ముట్టి, పిమ్మట నోటితో నడుగవలయును. అయితే రోగి చెప్పిన మాటను నమ్మినప్పుడు గదా యడిగినందుకు ఫలము! అమెరికా సంయుక్త రాష్ట్రములలో నల్లజాతి స్త్రీల మాటకు వైద్యశాలలయందు తగిన విలువ లేకుండుట చిరకాలపు టన్యాయము. దాని మూలమును, నివారణోపాయమును సోదరీమణు లెఱుంగుట యవసరము.

1845 మొదలు 1849 వఱకు అలబామా రాష్ట్రమందలి మాంట్‌గోమరీ పట్టణమున జేమ్స్ మారియన్ సిమ్స్ అను వైద్యు డొకడు, కష్టప్రసవమువలన మూత్రాశయమునకు రంధ్రము పడి మూత్రము నిరంతరము స్రవించు వ్యాధికి శస్త్రచికిత్స కనుగొనదలచెను. అతడు ప్రయోగములు చేసినది బానిస స్త్రీల మీద. వారిలో మువ్వురి పేర్లు మాత్రమే నిలిచినవి: అనార్కా, బెట్సీ, లూసీ. వలదనుటకు వారికి స్వాతంత్ర్యము లేదు. సిమ్స్ వ్రాసిన లెక్కను బట్టి అనార్కాకు 30 మారులు శస్త్రచికిత్స జరిగెను. 1846లో ఈథరు మత్తుమందుగా లోకమునకు వెల్లడియైన పిమ్మటను అతడు వారికి దానిని వాడలేదు. ఆ చికిత్స తరువాత పెక్కుమంది స్త్రీలకు మేలు చేసినమాట నిజమే. కాని కీర్తి వైద్యునకు దక్కెను; వేదన యా మువ్వురికి దక్కెను.

నల్లనివారికి నొప్పి తక్కువ యనునది బానిసల యజమానులకు మిక్కిలి యనుకూలమైన యసత్యము. 1865లో బానిసత్వము రద్దయ్యెను గాని, ఆ యసత్యము రద్దు కాలేదు. వర్జీనియా విశ్వవిద్యాలయమువారు 222 మంది తెల్లజాతి వైద్యవిద్యార్థులను, శిక్షణలోనున్న వైద్యులను ప్రశ్నించి 2016లో ఫలితములను ప్రకటించిరి. నల్లవారి చర్మము దళసరి యనుటవంటి యసత్యములలో నొక్కదానినైనను సుమారు సగముమంది నమ్మిరి. అట్లు నమ్మినవారు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా నెంచిరి.

టెన్నిసు క్రీడాకారిణి సెరీనా విలియమ్స్ 2017 సెప్టెంబరులో శస్త్రచికిత్సచే బిడ్డను గనెను. మరునా డామె ఊపిరి యాడక బాధపడెను. పూర్వ మామెకు ఊపిరితిత్తులలో రక్తము గడ్డకట్టియుండెను. కావున వెంటనే స్కానింగు చేసి, తగిన మందీయుడని తానే కోరెను. నొప్పిమందు ప్రభావమున తికమకపడుచున్నదని నర్సు తలచెను. మొదట కాళ్లను పరీక్షించిరి. ఆమె పట్టు విడువకుండగా తుదకు స్కానింగు జరిగెను. ఊపిరితిత్తులలో గడ్డలు కనబడెను. జగత్ప్రసిద్ధురాలి మాటకే యంత యాలస్యమైనచో, పేదరాలి మాట యెవరు విందురు? 2023లో ఆ దేశమున లక్ష జననములకు నల్లజాతి తల్లుల మరణములు 50.3, తెల్లజాతి తల్లుల మరణములు 14.5.

ఈ దుఃస్థితి మార్పరానిది కాదు. కాలిఫోర్నియాలో 2006లో వైద్యశాలలు కలిసి ప్రసూతి సంరక్షణను సంస్కరింప బూనుకొనెను. కాన్పునందలి రక్తస్రావమును కంటిచూపుతో నంచనా వేయక, తడిసిన గుడ్డలను తూచి కొలుచుట నేర్పిరి. కావలసిన మందులను, సామగ్రిని ఒక బండిలో ముందుగనే సిద్ధపఱచిరి. 2013 నాటికి ఆ రాష్ట్రమున మాతృమరణములు సగమునకు పైగా తగ్గెను. త్రాసు రోగి రంగును జూడదు గదా! అయినను జాతిభేదము సమసిపోలేదు. అందువలన 2019లో, ప్రసూతివైద్యము చేయువారు తమకు దెలియకయే తమలోనున్న పక్షపాతమును గుర్తించుటకు శిక్షణ పొందవలెనని యచట శాసనము చేసిరి.

ఈ సంగతి మనకేల యనవలదు. మన తెలుగు బిడ్డలు పెక్కుమంది యాదేశమున ప్రసవించుచున్నారు. మన యిండ్లలోను, "ఆడుదానికి ఓర్పుండవలె"నని నొప్పులు పడు కోడలి నోరు మూయించుట గలదు. కారణములు వేఱైనను, బాలింతకు గలుగు ప్రమాద మొక్కటే. ఊపిరి యాడకుండుట, తగ్గని తలనొప్పి, ఒక కాలు వాచి నొప్పిపెట్టుట, అధిక రక్తస్రావము: వీనిలో నేది చెప్పినను, "కాన్పున నిది మామూలే" యనక, వెంటనే వైద్యునియొద్దకు గొనిపోవలయును. ఆమె చెప్పలేనిచో, ప్రక్కనున్న మనము చెప్పవలయును, వినువఱకు చెప్పవలయును.