కంప్యూటర్ చదువుకు ఫీజు కడుతున్నాం, మరి ఉద్యోగం?

కృత్రిమ మేధ వచ్చాక ప్రోగ్రామర్లకు పని ఉంటుందా? బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదివే పేద పిల్లలకు ఫీజు కడుతున్న దాతలకు ఈ సందేహం రావడం సహజం. ఏమీ కాదని కొందరు, అంతా పోయిందని కొందరు అంటున్నారు. రెండూ తొందరపాటు మాటలే.

2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాయి. ఏం కావాలో మామూలు మాటల్లో చెబితే ఇవి కోడ్ రాసిస్తాయి. గూగుల్‌లో కొత్త కోడ్‌లో నాలుగో వంతుకు పైగా ఏఐ రాస్తోందని, దాన్ని ఇంజినీర్లు పరిశీలించి ఆమోదిస్తున్నారని సుందర్ పిచాయ్ 2024 అక్టోబరులో చెప్పారు. ఇందులో రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. అసలు విషయం అక్కడే ఉంది.

యంత్రం రాసిన కోడ్ చూడటానికి చక్కగానే ఉంటుంది, తప్పు లోపల దాగి ఉంటుంది. జీతాల లెక్క రాయమంటే, నెల మధ్యలో చేరిన వ్యక్తికీ పూర్తి జీతం వేయవచ్చు. దాన్ని పట్టుకోవాలంటే జీతాల లెక్కా తెలియాలి, కోడ్ చదవడమూ రావాలి. ఆ నేర్పు ఉద్యోగంలో తొలి రెండు మూడేళ్లలో వస్తుంది: చిన్న లోపాలు సరిదిద్దుతూ, టెస్టింగ్ చేస్తూ, సీనియర్ల చేత చివాట్లు తింటూ. ఏఐ ముందుగా అందుకుంటున్నది ఆ చిన్న పనులనే.

అమెరికాలో జీతాల రికార్డులను పరిశీలించిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, 22-25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నుంచి 2025 మధ్యకు దాదాపు 20 శాతం తగ్గాయని చెప్పారు. అనుభవం ఉన్నవారికి అంత దెబ్బ తగల్లేదు. అయితే నేరమంతా ఏఐ మీద వేయలేం. కరోనా కాలంలో కంపెనీలు అవసరానికి మించి మనుషులను తీసుకున్నాయి, తర్వాత వడ్డీ రేట్లు పెరిగాయి. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గిస్తామన్నప్పుడు, అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయి వారే. అది ఏఐ వల్ల కాదని కంపెనీ అధిపతి అన్నారు.

అమీర్‌పేటలో కొన్ని నెలల కోర్సు చేసి, ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీపట్టి ఉద్యోగం తెచ్చుకున్న తరం మనకు తెలుసు. దాన్ని తక్కువ చేయను, ఎన్నో ఇళ్లు ఆ దారినే నిలదొక్కుకున్నాయి. ఇప్పుడా దారి ఇరుకైంది. కాలేజీ అసైన్‌మెంట్లు కూడా ఏఐతోనే రాయించే పిల్లలకైతే మరీ ఇరుకు.

అందుకే సాయం ఫీజు దగ్గరే ఆగితే చాలదని నా అభిప్రాయం. ఒక మంచి పాత లాప్‌టాప్, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ చేసే ఊళ్లో గది అద్దె, మెస్ ఖర్చు ఇప్పుడు ఫీజుతో సమానమైన అవసరాలు. మీలో సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నవారు వారానికో గంట ఒక విద్యార్థి కోడ్ చదివి తప్పులు చూపినా పెద్ద సాయమే. ఆ విద్యార్థి ఏదో మెడికల్ షాపు స్టాకు లెక్కకు నిజంగా పనికొచ్చే ప్రోగ్రామ్ చేసి చూపాలి. ఏఐ సాయం తీసుకున్నా ఫరవాలేదు, ఏ వరుస ఎందుకు రాశారో చెప్పగలగాలి. చెప్పలేకపోతే మరుసటి ఏడాది సాయం ఆపడం కాదు, పక్కన కూర్చుని నేర్పే సీనియర్ ఒకరిని చూసిపెట్టాలి.