నల్ల తుపాకీ మందు రైఫిళ్లు: చాంబర్ నిర్మాణం, గురి

19వ శతాబ్దపు గురి రైఫిల్‌ను చూసినప్పుడు మన దృష్టి సాధారణంగా గొట్టంలోని మెలిక గాళ్ల మీద నిలుస్తుంది. కాని గుండు ఆ గాళ్లలోకి ఎలా ప్రవేశిస్తుందన్నది కూడా గురికి అంతే ముఖ్యం. ఎందుకో ఈ భాగంలో తెలుసుకుందాం.

మెట్టు ఎలా ఏర్పడుతుంది?

మూతి నుంచి నింపే రైఫిల్‌లో ముందు మందు పోసి, తరువాత గుండును కడ్డీతో దింపుతారు. గుండు మొదటి నుంచీ గొట్టానికి సరిగ్గా మధ్యలో ఉంటుంది. వెనుక నుంచి నింపే రైఫిల్‌లో తూటా కూర్చునే చోటును చాంబర్ అంటారు. తూటా ఇత్తడి తొడుగుకు కొంత మందం ఉంటుంది కనుక చాంబర్ గొట్టం కంటే వెడల్పుగా ఉండాలి. ఆ రెండూ కలిసేచోట ఒక మెట్టు ఏర్పడుతుంది.

దానివల్ల నష్టమేమిటి?

ఈ మందులో సురేకారం సుమారు 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్లు ఉంటాయి. మండిన తరువాత దాని బరువులో సగానికి పైగా ఘనరూపంలోనే మిగులుతుంది. ఆ మడ్డి చాంబర్ ముందు పేరుకుంటే తరువాతి తూటా సరిగా కూర్చోదు. పైగా పలుచని కాగితం చుట్టిన సీసపు గుండు మెత్తనిది. మందు పేలిన తోపుకు అది ఉబ్బి, మెట్టుకు ఒరుసుకుంటుంది. కాగితం చిరిగి, గుండు ఒరిగిపోవచ్చు. డిగ్రీలో 60వ వంతు దారి మళ్లినా 1000 గజాల దూరంలో గుండు సుమారు 10 అంగుళాలు తప్పుతుంది.

పరిష్కారాలు

1. మెట్టుకు బదులు క్రమంగా సన్నబడే వాలు చెక్కడం.
2. తొడుగు పొడవును చాంబర్ పొడవుకు సరిపెట్టడం. పొట్టిదైతే ఖాళీ మిగులుతుంది. పొడవైతే తొడుగు అంచు వాలులో ఇరుక్కుని గుండును బిగించి పట్టుకుంటుంది, పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు.
3. గుండును ముందుగా గాళ్లలో కూర్చోబెట్టి, మందు నింపిన తొడుగును దాని వెనుక పెట్టడం. అమెరికాలో హ్యారీ పోప్ తయారుచేసిన రైఫిళ్లలో గుండును మూతి నుంచి, తొడుగును వెనుక నుంచి పెట్టే పద్ధతి ఉండేది.

ఒక ఉదాహరణ

1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ సమీపంలోని క్రీడ్‌మోర్‌లో 800, 900, 1000 గజాల పోటీ జరిగింది. ఐర్లండ్ జట్టు మూతి నుంచి నింపే రిగ్బీ రైఫిళ్లు వాడగా, అమెరికా జట్టు వెనుక నుంచి నింపే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లు వాడింది. అమెరికా 934–931తో గెలిచింది. అయితే ఐరిష్ జట్టు సభ్యుడొకరి గుండు పొరపాటున వేరే గురిపలక నడిబొట్టుకు తగిలింది. దానితో 4 పాయింట్లు పోయాయి. కాబట్టి ఈ గెలుపు వెనుక నుంచి నింపే రైఫిలే మేలైనదని నిరూపించలేదు. మెట్టు సమస్యను అదుపు చేస్తే అది మూతి నుంచి నింపే రైఫిల్‌కు దీటుగా నిలవగలదని మాత్రం చూపింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

తొడుగు చాంబర్ కంటే పొట్టిగా ఉంటే గుండుకు ఏమవుతుంది? మీ మాటల్లో 4 వాక్యాలలో వివరించండి.