చిన్న ట్రాక్టరు క్యాబిన్‌కు హీటరు – బిగించే ముందు తెలుసుకోవలసిన విషయాలు

చిన్న ట్రాక్టరుకు హీటరు పెట్టించుకోవచ్చునా అని ఇందల్వాయి ప్రాంతపు సభ్యులు కొందరు మమ్ము అడుగుతున్నారు. పుష్య, మాఘ మాసాల్లో తెల్లవారకముందే గడ్డికి, పాలక్యాన్లకు, పసుపు పనులకు ట్రాక్టరు తీయవలసి వస్తుంది. కొన్ని రాత్రులు చలి 10 డిగ్రీల దిగువకు కూడా పోతుంది. కావున ఈ ప్రశ్న సమంజసమే.

ముందుగా ఒక మాట. నాలుగు వైపులా మూసిన క్యాబిన్ ఉంటేనే హీటరు పనికివస్తుంది. టాపు మాత్రమే ఉన్న బండిలో ఎంత వేడి పుట్టించినా గాలికి పోతుంది. అటువంటివారికి ముందు అద్దం, మంచి గొంగడి, చేతి తొడుగులు చాలును.

హీటరు పనిచేసే విధము

నీటితో చల్లబడే ఇంజనులో నీరు సుమారు 80 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. ఆ వేడి మామూలుగా రేడియేటరు ద్వారా వృథాగా పోతుంది. ఈ వేడినీటిలో కొంత భాగాన్ని రబ్బరు పైపు ద్వారా క్యాబిన్‌లోని చిన్న రేడియేటరుకు పంపి, వెనుక నుండి ఫ్యానుతో గాలి ఊదితే వెచ్చని గాలి వస్తుంది. దీనికి అదనంగా డీజిలు ఖర్చు దాదాపు ఉండదు.

బ్యాటరీతో నడిచే కరెంటు హీటరు మంచిది కాదా అని అడగవచ్చును. 12 వోల్టుల మీద 1000 వాట్ల హీటరు నడవాలంటే 80 ఆంపియర్లకు పైగా కరెంటు కావలెను. చిన్న ట్రాక్టరు ఆల్టర్నేటరు సాధారణంగా అందులో సగమైనా ఇవ్వలేదు. బ్యాటరీ త్వరలోనే చచ్చిపోతుంది.

ఇంజను రకాన్ని కూడా చూచుకొనవలెను. 1959లో ఫరీదాబాదులో తయారీ మొదలైన ఐషరు ట్రాక్టర్ల వలె గాలితో చల్లబడే ఇంజన్లకు నీరే ఉండదు గనుక ఈ పద్ధతి పనికిరాదు. నీరు ఉన్నా వాటరు పంపు లేని పాత చిన్న ఇంజన్లలో నీరు హీటరు దాకా సరిగా తిరగదు.

బిగించే పద్ధతి

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే రేడియేటరు మూత తీయవలెను. వేడినీటి పైపును థర్మోస్టాటుకు ముందు, ఇంజను హెడ్డు వైపు నుండి తీసికొని, తిరుగు పైపును వాటరు పంపు నీటిని పీల్చుకొనే వైపు కలపవలెను. వేసవిలో కట్టివేయుటకు ఒక వాల్వు ఉండవలెను. పైపులు సైలెన్సరుకు, ఫ్యాను బెల్టుకు దూరంగా పోవలెను. హీటరు రేడియేటరు మూత కంటె దిగువన ఉంటే లోపల గాలి నిలువదు. ఫ్యాను వైరుకు తప్పక ఫ్యూజు వేయించవలెను. నీరు నింపి, ఇంజను కొంతసేపు నడిపి, చల్లారిన పిదప తగ్గిన మేరకు మరల నింపి, మరునాడు కారుడు ఉన్నదేమో చూడవలెను.

ఇంజను వేడెక్కుతున్నదని థర్మోస్టాటును పీకించివేసే అలవాటు కొందరికి ఉన్నది. అది లేనిచో ఇంజను సరైన వేడికి ఆలస్యంగా చేరును, అరుగుదల పెరుగును, హీటరు గోరువెచ్చని గాలి మాత్రమే ఇచ్చును.

ప్రాణాలకు ముప్పు తెచ్చేవి రెండు

ఒకటి, పొగ. సైలెన్సరు పొగ వేడిని క్యాబిన్‌లోకి మళ్లించుట గాని, తార్పాలిన్ కట్టి లోపల బొగ్గుల కుంపటి పెట్టుట గాని ఎన్నడూ చేయరాదు. వాటి నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మనిషి మగతగా ఉన్నదనుకొంటూనే స్పృహ తప్పును.

రెండవది, మన పశువులకు సంబంధించినది. రేడియేటరులో పోసే కూలెంటులో సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తియ్యగా ఉండును గనుక దూడలు, కుక్కలు నాకుతాయి. కొద్ది మోతాదు కూడా మూత్రపిండాలను పాడుచేసి ప్రాణం తీయగలదు. పైపులు విప్పేటప్పుడు కొట్టానికి దూరంగా విప్పవలెను. కారిన దానిని దాణా గంపలోగాని, కుడితి తొట్టిలోగాని, పాలక్యానులోగాని పట్టరాదు. నేల మీద పడినచో మట్టి చల్లి ఎత్తివేయవలెను. పశువు తూలుతూ నడిచినచో రేపటి దాకా ఆగక పశువైద్యునికి వెంటనే కబురు చేయవలెను. ఆలస్యమైతే మందు పనిచేయదు.

సంఘం నిధులతో నడిచే బండికి ఇది పెట్టించదలచినచో పాలకవర్గ తీర్మానం చేసి, కనీసం ఇద్దరు మెకానిక్కుల నుండి ధరలు తీసికొని, రసీదు భద్రపరచవలెను. ఏడాదిలో చలి నిలిచేది కొద్ది వారాలే గనుక, క్యాబిన్ లేని సంఘం ఆ డబ్బును పాల పరీక్ష సామగ్రికి వినియోగించుట మేలని మా అభిప్రాయము.