పికప్పు బండిలో ఏబీఎస్ దీపం వెలిగితే ఏం చెయ్యాలి?



మనలో చాలామందిమి ఘాట్ రోడ్డు మీది ఊళ్ళవాళ్ళం. మన ఇళ్ళల్లో పండిన పసుపు, అల్లం, మిరియాలు కిందికి దిగేది పికప్పులోనే. మన హాస్టలుకి బియ్యం, కూరగాయలు వచ్చేది కూడా పికప్పులోనే. పాడేరు ఘాట్ దిగేటప్పుడు ఆ బండి బ్రేకు మీద ఎందరి ప్రాణాలు ఆధారపడి ఉంటాయో మనకి తెలుసు. కాబట్టి ఆ బ్రేకు గురించి నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మన ఏజెన్సీలో తిరిగే పాత పికప్పుల్లో చాలావాటికి ఏబీఎస్ లేదు. కొత్తగా వచ్చినవాటిలో కొన్నిటికి ఉంది. ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. డ్రైవరు తాళం తిప్పగానే మీటరు బోర్డు మీద పసుపు రంగులో ఏబీఎస్ అనే అక్షరాల దీపం వెలిగి, కొద్ది సెకన్లకి ఆరిపోతే ఆ బండికి ఏబీఎస్ ఉన్నట్టే, అది బాగున్నట్టే. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఏదో లోపం ఉన్నట్టు.

ఏబీఎస్ అంటే ఏమిటి?

బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం తిరగడం పూర్తిగా ఆగిపోయి, టైరు రోడ్డు మీద జారిపోతుంది. ముందు చక్రాలు అలా బిగుసుకుపోతే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు, నేరుగా పోతుంది. వెనక చక్రాలు బిగుసుకుపోతే బండి తోక పక్కకి తిరిగిపోతుంది. ఘాట్‌లో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. రెండూ ప్రమాదమే.

పికప్పుకి ఈ బాధ కారు కంటే ఎక్కువ. ఎందుకంటే ఖాళీ పికప్పు వెనక భాగం చాలా తేలిక. లోడు వేస్తే అదే చాలా బరువు. ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం గట్టిగా తొక్కినా వెనక చక్రాలు బిగుసుకుంటాయి. అందుకే అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1987లో తన ఎఫ్-సిరీస్ పికప్పులకి మొదట వెనక చక్రాలకే ఏబీఎస్ పెట్టింది. కార్ల విషయానికొస్తే, బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ కార్లలో వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకీ ఇది తప్పనిసరి అయింది.

అది ఎలా పనిచేస్తుంది?

ప్రతి చక్రం దగ్గరా పళ్ళచక్రం లాంటి ఒక రింగు ఉంటుంది. దానికి సుమారు ఒక మిల్లీమీటరు దూరంలో సెన్సర్ ఉంటుంది. పళ్ళు ఎదురుగా తిరుగుతున్నకొద్దీ సెన్సర్ నుంచి కరెంటు సంకేతాలు వెళ్తాయి. ఆ సంకేతాలు చేరేది మాడ్యూలుకి. మాడ్యూలు అంటే ఒక చిన్న పెట్టె. అందులో మూడు భాగాలు. ఒకటి, బ్రేకు ఆయిల్ దారులూ వాల్వులూ ఉన్న అల్యూమినియం దిమ్మ. రెండు, ఆయిల్‌ని తిరిగి తోసే మోటారు పంపు. మూడు, లెక్క చూసే ఎలక్ట్రానిక్ బోర్డు.

మిగతా చక్రాలు తిరుగుతుండగా ఒక చక్రం హఠాత్తుగా ఆగిపోబోతే మాడ్యూలు కనిపెడుతుంది. ఆ చక్రానికి వెళ్ళే ఆయిల్‌ని ముందు ఆపుతుంది, తర్వాత కొంచెం వదులుతుంది, మళ్ళీ ఇస్తుంది. ఇదంతా సెకనుకి పది, పదిహేనుసార్ల దాకా జరుగుతుంది. అప్పుడు పెడలు కాలికింద కొట్టుకుంటుంది, గరగరమని చప్పుడొస్తుంది. అది లోపం కాదు. ఏబీఎస్ పనిచేస్తుంటే బ్రేకుని మాటిమాటికీ వదిలి తొక్కకూడదు. గట్టిగా తొక్కి అలాగే ఉంచి, స్టీరింగు చూసుకోవాలి.

మాడ్యూలు పోతే బ్రేకు పోయినట్టేనా?

కాదు. ఇది అందరం గుర్తుపెట్టుకోవాలి. కరెంటు లేనప్పుడు ఆయిల్ లోపలికి వెళ్ళే వాల్వు తెరిచే ఉంటుంది, బయటికి వదిలే వాల్వు మూసే ఉంటుంది. అంటే పెట్టె పడుకున్నా పెడలు నుంచి చక్రానికి దారి తెరిచే ఉంటుంది. అందుకని మాడ్యూలు తనలో లోపం కనిపెడితే తనని తాను ఆపేసుకుని పసుపు దీపం వెలిగిస్తుంది. మామూలు బ్రేకు పనిచేస్తుంది. చక్రాలు బిగుసుకోకుండా చూసే కాపలా మాత్రం ఉండదు.

అయితే పసుపుతోపాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే సంగతి వేరు. హ్యాండు బ్రేకు దించలేదేమో ముందు చూడాలి. దించినా ఎర్రగానే ఉంటే బ్రేకు ఆయిల్ తగ్గిపోయి ఉండొచ్చు. లేదా ముందు వెనక చక్రాలకి బ్రేకుబలం పంచే పని కూడా ఆగిపోయి ఉండొచ్చు. కొన్ని బళ్ళలో ఆ పంపకం మాడ్యూలే చేస్తుంది. అది ఆగితే ఖాళీ పికప్పు వెనక చక్రాలు తొందరగా బిగుసుకుంటాయి. పసుపు ఒక్కటే ఉంటే నెమ్మదిగా షెడ్డుదాకా పోవచ్చు. ఎరుపు కూడా ఉంటే ఘాట్ దిగకూడదు. బండి అక్కడే ఆపి మెకానిక్కుని పిలవాలి.

పెట్టె పోయిందని ఎప్పుడు నమ్మాలి?

పోయిన వానాకాలం మా మావయ్య బండికి ఈ దీపం వెలిగింది. ఒక షెడ్డువాళ్ళు చూసి, "మాడ్యూలు పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నారు. వాళ్ళు చెప్పిన ధర మావయ్య రెండు నెలల సంపాదన. ఆయన ఒప్పుకోకుండా ఇంకో మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ మేస్త్రి గంటసేపు టెస్ట్ ల్యాంపుతో, మల్టీమీటరుతో చూశాడు. మాడ్యూలు ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది, గ్రీజు రాసి బిగించాడు. కొంచెం దూరం నడిపేసరికి దీపం ఆరిపోయింది. నేను పక్కనే ఉండి అడిగినవన్నీ ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆయన చెప్పిన వరస ఇది. ఖర్చు లేనిదాంతో మొదలుపెట్టి, ఖర్చు ఎక్కువైనదాన్ని చివర పెట్టుకోవాలి.

1. బ్రేకు ఆయిల్ డబ్బాలో గీత దాకా ఉందా చూడాలి.

2. బ్యాటరీ చూడాలి. ఇంజను ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. కరెంటు తగ్గినా మాడ్యూలు ఆగిపోతుంది.

3. ఫ్యూజులు చూడాలి. ఏబీఎస్‌కి సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. మోటారుకి ఒకటి, వాల్వులకి ఒకటి. ఒకటి బాగుందని రెండోది వదిలెయ్యకూడదు.

4. ఎర్త్ వైరు చూడాలి. కంటికి బిగుతుగా కనబడితే చాలదు. పని నడుస్తుండగా మాడ్యూలు ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మల్టీమీటరు పెడితే దాదాపు సున్నా రావాలి. అర వోల్టు చూపించినా అక్కడ తుప్పో, వదులో ఉన్నట్టు.

5. చక్రాల దగ్గర చూడాలి. సెన్సర్ మీద బురద, ఇనుప రజను, రాయి తగిలి తెగిన వైరు, ఎలుక కొరికిన వైరు, పన్ను విరిగిన రింగు, ఆడుతున్న బేరింగు ఇవన్నీ దీపం వెలిగిస్తాయి. ముందు ఒక సైజు, వెనక ఇంకో సైజు టైర్లు ఇష్టమొచ్చినట్టు వేసినా వేగాల లెక్క తప్పుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. పాతరకం సెన్సర్‌కి మల్టీమీటరుతో ఓములు చూడొచ్చు. కొత్తరకం సెన్సర్లలో చిన్న ఎలక్ట్రానిక్ భాగం ఉంటుంది, వాటికి అలా చూడకూడదు.

6. స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. బ్రేకు కోడ్‌లు ఎక్కువగా సి అక్షరంతో మొదలవుతాయి. ఎడమ ముందు చక్రం సెన్సర్ అని కోడ్ వస్తే ఆ సెన్సరే పోయిందని కాదు. ఆ సెన్సర్, దాని వైరు, ప్లగ్గు, మాడ్యూలు ఈ దారిలో ఎక్కడో లోపం ఉందని అర్థం.

ఇవన్నీ సరిగా ఉండి కూడా స్కానర్‌కి మాడ్యూలు జవాబివ్వకపోయినా, మోటారు లేదా వాల్వు కోడ్ చెరిపినకొద్దీ వెంటనే వస్తున్నా, అప్పుడు పెట్టె మీద అనుమానం న్యాయమే.

తుప్పు పెట్టెని మోసం చేసిన కథ

ఇది కథ కాదు, జరిగినదే. 2005లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ సుమారు 8 లక్షల పికప్పులనీ, అలాంటి పెద్ద బళ్ళనీ మరమ్మతుకి వెనక్కి పిలిచింది. అవి 1999 నుంచి 2002 దాకా మోడళ్ళు. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పువల్ల ముందు చక్రం హబ్బులో సెన్సర్ కింద తుప్పు పెరిగి, సెన్సర్‌ని పైకి నెట్టేసింది. రింగుకీ సెన్సర్‌కీ దూరం పెరిగి సంకేతం బలహీనమైంది. బండి నెమ్మదిగా ఆగబోతుంటే మాడ్యూలు "చక్రం బిగుసుకుంది" అనుకుని బ్రేకు వదలడం మొదలుపెట్టింది. దాంతో బండి ఆగాల్సినచోట ఆగకుండా ముందుకి పోయేది. దీపం కూడా వెలగకుండానే ఇలా జరగొచ్చు. చూశారా! పెట్టె బాగానే ఉంది. దానికి అందిన సమాచారం తప్పు.

మనకి మంచు ఉప్పు లేదు. కాని విశాఖ నుంచి చేపల లోడు తెచ్చే బళ్ళ కింద ఉప్పునీళ్ళు కారుతూనే ఉంటాయి. మన వానలూ, ఎర్రమట్టి బురదా ఉండనే ఉన్నాయి. కనుక పొడి రోడ్డు మీద, నెమ్మదిగా ఆగేటప్పుడు పెడలు గరగరమంటే డ్రైవరు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పెట్టె నిజంగానే పోతే

ఎందుకు పోతుంది? వేడికీ, గతుకుల కుదుపుకీ బోర్డు మీద టంకం చీలుతుంది. ప్లగ్గులోకి నీళ్ళు దిగుతాయి. మోటారు బ్రష్షులు అరిగిపోతాయి. ఇంకో కారణం మనవాళ్ళ చేతుల్లోనే ఉంది. పికప్పుకి వెనక ఇనుప ఫ్రేము కట్టించేటప్పుడు బ్యాటరీ విప్పకుండా బండికే వెల్డింగ్ పెడతారు. ఆ కరెంటుకి బోర్డు కాలిపోవచ్చు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైర్లు, మాడ్యూలు ప్లగ్గు తీసెయ్యాలి.

కొన్ని బళ్ళలో ఎలక్ట్రానిక్ బోర్డు భాగం వేరుగా ఊడొస్తుంది. ఆయిల్ పైపులు విప్పకుండా అదొక్కటే తీసి, పట్నంలో బోర్డులు బాగుచేసేవాళ్ళకి ఇవ్వొచ్చు. పాత బండి నుంచి తీసిన పెట్టె వేస్తే నంబరు సరిగ్గా కలవాలి, కొన్నిటికి స్కానర్‌తో ఆ బండి వివరాలు ఎక్కించాలి. పైపులు విప్పితే మాత్రం బ్రేకులో గాలి తియ్యడం తప్పదు. దిమ్మలోపల చిక్కిన గాలి పెడలు తొక్కితే రాకపోవచ్చు. స్కానర్‌తో పంపు నడిపించి తియ్యాలి. గాలి మిగిలితే పెడలు మెత్తగా దిగిపోతుంది. ఆ బండిని ఘాట్ ఎక్కించకూడదు. ఏ మరమ్మతు తర్వాతైనా ఖాళీ మైదానంలో పరీక్షించాకే రోడ్డెక్కాలి.

చెయ్యకూడని పనులు

దీపం చికాకుగా ఉందని బల్బు పీకెయ్యడం, వైరు తెంపడం చాలా తప్పు. బండి అమ్మేటప్పుడు కొందరు ఇలా చేస్తారని ఆ మేస్త్రి చెప్పాడు. అందుకే తాళం తిప్పగానే దీపం అసలు వెలగకపోయినా అనుమానించాలి. ప్లగ్గుల మీదికి ప్రెషరు నీళ్ళు కొట్టకూడదు.

ఏబీఎస్ ఉంది కదా అని వేగం పెంచకూడదు. వదులు కంకర మీద, మట్టి మీద ఏబీఎస్ ఉన్న బండి ఆగడానికి ఇంకాస్త ఎక్కువ దూరమే పట్టొచ్చు. ఘాట్ పొడుగునా బ్రేకు తొక్కుతూ దిగితే లైనర్లు వేడెక్కి పట్టు పోతుంది, బ్రేకు ఆయిల్ మరుగుతుంది. ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. తేమ పీల్చాక అదే 155 డిగ్రీలు చాలు. మరిగితే పెడలు ఖాళీగా దిగిపోతుంది. అప్పుడు ఏబీఎస్ ఏమీ చెయ్యలేదు. అందుకే కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకి ఆయిల్ మార్చాలి. ఎత్తు ఎక్కిన గేరులోనే, అవసరమైతే ఇంకా చిన్న గేరులో దిగాలి.

మిత్రులారా! లోడు మీద మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. ఏబీఎస్ ఉన్నా అది క్షేమం కాదు. సెలవులకి వెళ్ళేటప్పుడు ముందు సీటు దొరికితే మీటరు బోర్డు వైపు ఒకసారి చూడండి. పసుపు దీపం ఆరకపోతే "మావా, ఇది ఎన్నాళ్ళనించి వెలుగుతోంది?" అని అడగండి. డ్రైవరు కసురుకున్నా ఫరవాలేదు. మనలో పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటారు వెహికల్ చదవాలనుకునేవాళ్ళు ఇప్పటినుంచే మల్టీమీటరు పట్టడం నేర్చుకుంటే మంచిది. సైన్సు ల్యాబులో ఒకటి ఉంది. సారుని అడిగితే చూపిస్తారు.

— 9వ తరగతి విద్యార్థి